మన టీమ్ ఓడిపోయాక వాదించుకోవడం ఎలా, ఫైనల్స్ చూడటం ఎలా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఒక టీమ్ నాలుగు మ్యాచులు గెలిచేదాకా ఆడే సిరీస్‌లు, మనకి పొద్దున్నే వస్తాయి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకి మొదలయ్యే మ్యాచ్ మనకి ఉదయం ఆరింటికి. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా ఫలితం తేలిపోతుంది. అక్కడి అభిమానులు ఓటమి చూసి పడుకుంటారు. మనం ఓటమి చూసి, స్నానం చేసి, టిఫిన్ తిని షాపు తాళం తీయాలి. ఎదుటి టీమ్ మనిషి అప్పటికే వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంటాడు. రోజంతా వాదన తప్పదు. తప్పనప్పుడు దాన్ని సరిగ్గా చేసుకోవాలి. సరిగ్గా చేస్తే, గెలిచిన మ్యాచ్ కంటే ఓడిన మ్యాచ్ దగ్గరే ఆట ఎక్కువ అర్థమవుతుంది.

నాది పర్లాకిమిడిలో ఫొటో ఫ్రేముల షాపు. డెన్వర్ నగెట్స్ అభిమానిని. 2014 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే రోజు) 41వ స్థానంలో తీసుకున్న నికోలా జోకిచ్, పెద్దగా ఎగరకుండా, పెద్దగా పరుగెత్తకుండా, ఒక్క పాస్‌తో ఐదుగురి కాళ్లూ తడబడేలా చేయడం చూశాక ఇంకో టీమ్ మీదికి మనసు పోలేదు. 2023లో డెన్వర్ మొట్టమొదటి టైటిల్ గెలిచింది ఆయన వల్లే. సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో మా బావ ఉంటాడు, ఆయన బోస్టన్ సెల్టిక్స్ మనిషి. ఎదురు మందుల షాపు ఒడియా మిత్రుడిది లేకర్స్. కాలేజీ టీమ్‌లో ఆడే మా మేనల్లుడు ఏ ఏడాది ఎవరి ఆట నచ్చితే వాళ్ల వైపు. మా నలుగురి వాదనల్లోంచి తేలిన పద్ధతి ఇది. ఉదాహరణకి 2024 తీసుకుంటాను. ఆ ఓటమి గురించి మాట్లాడుకున్నంత మేము ఇంకే ఓటమి గురించీ మాట్లాడుకోలేదు.

ముందు క్వార్టర్ల లెక్క రాయండి

మ్యాచ్ అయిపోయిన గంటలోపు ఎవరితోనూ కారణాలు మాట్లాడకండి. కోపం చల్లారడం కోసమని చెప్పడం లేదు. ఆ గంటలో మన బుర్రలో చివరి ఐదు నిమిషాలే ఉంటాయి. మిగతా నలభై మూడు నిమిషాలూ చెరిగిపోయి ఉంటాయి. కాబట్టి నోరు తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు క్వార్టర్ల (పన్నెండేసి నిమిషాల భాగాల) స్కోరూ రాయండి. నేనైతే ఫ్రేము వెనక బిగించే హార్డ్‌బోర్డు ముక్క మీద పెన్సిల్‌తో రాస్తాను. కాగితం చెయ్యి మారితే పోతుంది. హార్డ్‌బోర్డు కౌంటర్ వెనక మేకుకి తగిలిస్తే సీజన్ అంతా ఉంటుంది.

2024 మే 19న, అంటే మనకి 20వ తేదీ సోమవారం తెల్లవారాక, డెన్వర్ సొంత గ్రౌండులో మిన్నెసోటాతో ఏడో మ్యాచ్ ఓడిపోయింది. 98–90. తేడా ఎనిమిది పాయింట్లే కనిపిస్తుంది. కానీ హాఫ్ టైమ్‌కి డెన్వర్ 53, మిన్నెసోటా 38. మూడో క్వార్టర్ మొదట్లో 58–38 అయింది, ఇరవై ఆధిక్యం. రెండో సగం వరకే లెక్క తీస్తే మిన్నెసోటా 60, డెన్వర్ 37. అసలు తేడా అక్కడుంది, ఇరవై మూడు పాయింట్లు. ఏడో మ్యాచుల చరిత్రలో అంత వెనకబడి గెలిచిన టీమ్ అంతకు ముందు లేదు.

ఈ రెండు సంఖ్యలూ రాసుకుంటే వాదన దానంతటదే దారిలో పడుతుంది. ‘చివర్లో రెండు షాట్లు పడుంటే’ అనే మాట ఆగిపోతుంది. ‘హాఫ్ టైమ్ తర్వాత ఏం మారింది’ అనే ప్రశ్న మొదలవుతుంది. ఆ రోజు మా షాపులో మధ్యాహ్నం దాకా నడిచింది ఆ ఒక్క ప్రశ్నే.

ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నారో ముందే ఒప్పుకోండి

గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. ఒకడు ఈ మ్యాచ్ ఎందుకు ఓడామని మాట్లాడుతుంటాడు. ఇంకొకడు సిరీస్ ఎందుకు ఓడామని, మూడోవాడు టీమే చెడిపోయిందని మాట్లాడుతుంటాడు. ముగ్గురూ మూడు వేరే సంగతులు చెబుతూ ఒకరి మీద ఒకరు అరుస్తారు. మొదలుపెట్టేటప్పుడే ‘బావా, మనం మాట్లాడేది ఏడో మ్యాచ్ గురించా, సిరీస్ గురించా?’ అని అడిగేయండి.

మ్యాచ్ గురించి అయితే జవాబు చిన్నది. డెన్వర్ చేసిన 90లో జోకిచ్ 34, జమాల్ మర్రే 35. మిగతా అందరూ కలిసి 21. అవతల ఆంథొనీ ఎడ్వర్డ్స్‌ని 16 పాయింట్లకే కట్టేసినా, జేడెన్ మెక్‌డేనియల్స్ 23, కార్ల్ ఆంథొనీ టౌన్స్ 23 చేశారు. స్టార్‌ని ఆపితే పక్కవాళ్లు లేచారు. మన దగ్గర స్టార్లు లేచారు, పక్కవాళ్లు లేవలేదు.

సిరీస్ గురించి అయితే వెనక్కి వెళ్లాలి. మొదటి రెండు మ్యాచులూ డెన్వర్ సొంత గడ్డ మీదే ఓడింది. రెండోది 106–80, అదీ అవతల రూడీ గోబేర్ ఆడని రోజున. తర్వాత వరసగా మూడు గెలిచింది. ఆరో మ్యాచ్ 115–70తో, నలభై ఐదు పాయింట్ల తేడాతో ఓడింది. మర్రే పిక్క నొప్పి, బెంచ్ (మార్పు ఆటగాళ్ల) బలం లేకపోవడం, అంతకు ముందు వేసవిలో బ్రూస్ బ్రౌన్, జెఫ్ గ్రీన్ వెళ్లిపోవడం, ఇవన్నీ సిరీస్ కారణాలు. ఏడో మ్యాచ్ మూడో క్వార్టర్‌కి వీటిని నేరుగా అంటించకండి. అదే అలసిన కాళ్లతో మొదటి సగం 53 పాయింట్లు చేశారుగా!

మూడోది, టీమే చెడిపోయిందా అన్నది, ఆ రోజు తేల్చే ప్రశ్న కాదు. కొత్త సీజన్ మొదలయ్యే అక్టోబర్ దాకా ఆగండి.

బాక్స్ స్కోరు చదవడం

బాక్స్ స్కోరు అంటే మ్యాచ్ గణాంకాల పట్టిక. అందులో పాయింట్ల వరసని ఆఖరున చూడండి. ముందు నాలుగు చూడాలి: షాట్లు ఎంత శాతం పడ్డాయి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) ఎన్ని, సొంత షాట్లు పడనప్పుడు బంతిని (రీబౌండ్) ఎన్నిసార్లు తిరిగి తెచ్చుకున్నారు, ఫౌల్ అయితే ఇచ్చే ఫ్రీ త్రోలు ఎన్ని వచ్చాయి. డీన్ ఆలివర్ అనే గణాంకవేత్త బాస్కెట్‌బాల్ గెలుపోటములను ఈ నాలుగింటిలోకి కుదించి చూపించాడు. వాటిలో షాట్లు పడటమే అన్నిటికంటే పెద్దదన్నాడు.

షాట్ల శాతం చూసేటప్పుడు ఒక జాగ్రత్త. తక్కువ పడితే అది దురదృష్టమా, ఎదుటి డిఫెన్సా, మన మొండితనమా అన్నది విడిగా తేల్చాలి. దీనికి 2018 వెస్ట్రన్ (లీగ్‌లో పడమటి టీమ్‌ల) ఫైనల్స్ ఏడో మ్యాచ్‌ని మించిన పాఠం లేదు. హ్యూస్టన్ రాకెట్స్ హాఫ్ టైమ్‌కి గోల్డెన్ స్టేట్ మీద పదకొండు ముందుంది. కానీ ఆ మ్యాచ్‌లో ఒక దశలో వరసగా 27 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) మిస్ చేసింది. మొత్తం 44 వేస్తే 7 పడ్డాయి. 101–92తో, తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడింది. మూడింట ఒకటి పడినా పద్నాలుగు పడేవి. అంటే ఇంకో ఏడు త్రీలు, ఇరవై ఒక్క పాయింట్లు. దురదృష్టం అనేవాడి మాటలో బలం ఉంది. పడటం లేదని తెలిశాక కూడా రింగ్ దగ్గరకి ఎందుకు వెళ్లలేదు అనేవాడి మాటలోనూ బలం ఉంది. నడిపించాల్సిన క్రిస్ పాల్ తొడ కండరం పట్టేసి బయట కూర్చున్నాడు అనేవాడిదీ నిజమే. ముగ్గురినీ పూర్తిగా చెప్పనివ్వండి. ఒకరి కారణం నిజమైనంత మాత్రాన ఇంకొకరిది అబద్ధం కాదు.

మాటల్లో తేలకపోతే నిలబెట్టి చూపించండి

వాదనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. జోకిచ్‌ని ఆపడానికి మిన్నెసోటా గోబేర్‌ని పెట్టకుండా టౌన్స్‌ని ఎందుకు పెట్టిందని మందుల షాపు మిత్రుడు అడిగాడు. ‘భాయినా, లీగ్‌లో బెస్ట్ డిఫెండర్‌ని వదిలేసి ఇంకొకణ్ణి పెడతారా?’ అని. ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. సాయంత్రం గ్రౌండుకి తీసుకెళ్లాం. అక్కడి రింగ్‌కి నెట్ లేదు, ఫ్రీ త్రో గీత సగం చెరిగిపోయింది, అయినా పని జరుగుతుంది.

మేనల్లుణ్ణి జోకిచ్‌గా గీత దగ్గర నిలబెట్టాం. బావని టౌన్స్‌గా వాడి ముందు. మిత్రుణ్ణే గోబేర్ చేసి రింగ్‌కి రెండడుగుల దూరంలో పెట్టాం. నేను డెన్వర్ ఆటగాడు ఆరన్ గోర్డన్‌ని, రింగ్ వెనక ఉండే గీత (బేస్ లైన్) పక్కన. మేనల్లుడు బావని వెనక్కి తోస్తూ లోపలికి వచ్చాడు. మిత్రుడు ఒక్క అడుగు ముందుకేసి చెయ్యెత్తేసరికి షాట్ దారి మూసుకుపోయింది. మేనల్లుడు బంతి నాకు ఇచ్చాడు. నేను బయట ఖాళీగా ఉన్నాను, కానీ బయటి నుంచి షాట్ వేయడం గోర్డన్‌కి బలం కాదు. అదే వాళ్లకి కావలసింది. పెద్ద డిఫెండర్‌ని జోకిచ్‌కి అతికించేస్తే రింగ్ దగ్గర కాపలా పోతుంది. గోర్డన్ మీద పెడితే గోర్డన్‌ని వదిలేసి రింగ్‌ని కాయొచ్చు. మిత్రుడికి తన చెయ్యి ఎత్తినప్పుడు అర్థమైంది.

వెంటనే బావ ఎదురు ప్రశ్న వేశాడు, అది కూడా న్యాయమైనదే. ‘అలాంటప్పుడు ఐదో మ్యాచ్‌లో జోకిచ్ 40 పాయింట్లు, 13 అసిస్టులు (పక్కవాడు షాట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు) ఎలా చేశాడు? ఒక్క టర్నోవర్ లేకుండా!’ అవును. ఆ ఇద్దరు పొడుగువాళ్లు అప్పుడూ ఉన్నారు. ఎత్తుగడ ఒక్కటే సిరీస్ గెలిపించదు, ఖాళీగా వదిలేసినవాడు షాట్ మిస్ చేయాలి కూడా. వాదన మళ్లీ ఆ 21 పాయింట్ల దగ్గరకే వచ్చింది.

మీ ఊళ్లో బాస్కెట్‌బాల్ గ్రౌండు లేకపోతే సుద్దముక్కతో నేల మీద గీయండి. నలుగురు నిలబడే చోటుంటే చాలు.

రిఫరీల గురించి

రిఫరీని తిట్టడం అభిమాని హక్కే. కానీ దాన్ని కారణంగా చెప్పాలంటే ఏ కాల్, ఏ నిమిషంలో, అప్పటికి స్కోరెంత అని మూడూ చెప్పాలి. లేకపోతే ఆ మాట లెక్కలోకి రాదని మా దగ్గర నియమం. చివరి రెండు నిమిషాల్లో తేడా కొద్ది పాయింట్లే ఉన్న మ్యాచులకి ఎన్‌బీఏ 2015 నుంచి మర్నాడు ఒక నివేదిక పెడుతోంది. ఏ విజిల్ సరైనది, ఏది తప్పు, ఏది ఊదాల్సింది ఊదలేదు అని వాళ్లే ఒప్పుకుంటారు. తిట్టేముందు అది చదవండి. ఫలితం మాత్రం మారదు.

2024 ఫైనల్స్ మూడో మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి. డల్లాస్ 21 పాయింట్లు వెనకబడి, నాలుగో క్వార్టర్‌లో ఒక్క పాయింటు దూరం దాకా వచ్చింది. అలా తేరుకుంటున్నప్పుడే, నాలుగు నిమిషాల చిల్లర ఉండగా డల్లాస్ స్టార్ లూకా డాంచిచ్‌కి ఆరో ఫౌల్. బయటికి వెళ్లిపోయాడు. బోస్టన్ 106–99తో గెలిచింది. ఆ రోజు అందరూ ఆరో ఫౌల్ మీదే కొట్టుకున్నారు. దానికి ముందు ఐదు ఉన్నాయి, వాటిని కూడా ఒక్కొక్కటే చూశాకే మాట్లాడాలి.

‘ఉండుంటే’ మాటలు

గాయాల విషయంలో తూకం అందరికీ ఒకటే ఉండాలి. 2025లో డెన్వర్ ఏడో మ్యాచ్‌లోనే ఓక్లహోమా సిటీ చేతిలో 125–93తో ఓడింది. గోర్డన్ తొడ కండరం గాయంతోనే ఆడాడు. ఆ మాట నేను చెప్పుకోవచ్చు. కానీ అదే ఓక్లహోమా ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాని 103–91తో ఓడించిన రోజు, టైరీస్ హాలిబర్టన్ మొదటి క్వార్టర్‌లోనే మడమ వెనక స్నాయువు తెగి పడిపోయాడు. ఇండియానా అభిమాని ఆ సంగతి ఎత్తితే నేను వినాలి. 2023లో మేము మయామీ మీద టైటిల్ గెలిచినప్పుడు అవతల టైలర్ హీరో చెయ్యి విరిగి ఆడలేదు. అదీ ఒప్పుకోవాలి. మనకి నొప్పయిన చోట గాయం, ఎదుటివాడి దగ్గర సాకు అంటే వాదన అక్కడితో చచ్చిపోతుంది.

ఇంకో రకం ఉంది, గొలుసు లెక్క. 2024లో మిన్నెసోటా మమ్మల్ని ఓడించింది, డల్లాస్ మిన్నెసోటాని 4–1తో, బోస్టన్ డల్లాస్‌ని 4–1తో ఓడించింది. కాబట్టి డెన్వర్ బోస్టన్ కాలి గోటికి సరిపోదని బావ తేల్చేశాడు. కానీ అదే సీజన్‌లో డెన్వర్ బోస్టన్‌తో రెండుసార్లు ఆడి రెండూ గెలిచింది. జనవరి 19న బోస్టన్ వాళ్లింట్లో 102–100, మార్చి 7న డెన్వర్‌లో 115–109. జనవరిలో ఓడేదాకా ఆ సీజన్‌లో బోస్టన్ సొంత గ్రౌండులో ఇరవై ఆడి ఇరవై గెలిచిన టీమ్. ఇదీ గొలుసు లెక్క తెగే చోటు. ఎవరి ఆట ఎవరికి కుదరదన్నది జోడీని బట్టి ఉంటుంది, వరసని బట్టి కాదు.

అలాగని ‘ఫైనల్స్‌కి వెళ్లుంటే మేమే గెలిచేవాళ్లం’ అని నేనూ అనకూడదు. రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచులు, ఎదుటివాడి మీద ఎత్తుగడకి ఒక రోజు టైముంటుంది. సిరీస్‌లో రెండు వారాలు ఉంటుంది. ‘మాకు దారి ఉండేది’ అనే దాకా చెప్పొచ్చు. దారి ఏంటో కూడా చెప్పగలిగితేనే.

ఫైనల్స్ మొదలయ్యాక

మన టీమ్ లేదని టీవీ కట్టేయకండి. మన టీమ్ ఆడేటప్పుడు బంతి తప్ప ఇంకేమీ కనపడదు. మనది కాని ఫైనల్స్‌లో టెన్షన్ ఉండదు కాబట్టి కోర్టంతా కనపడుతుంది.

మొదటి మ్యాచ్‌కి ముందు ప్రతి ఒక్కరూ ఎవరు గెలుస్తారు, ఎన్ని మ్యాచుల్లో, ఎందుకు అని రాసిపెట్టాలి. ‘ఎందుకు’ తప్పనిసరి. 2024లో మా హార్డ్‌బోర్డు మీద బావ రాసింది ‘బోస్టన్ 4–2, ఐదుగురూ త్రీ వేయగలరు’. మేనల్లుడు ‘డల్లాస్ 4–3, లూకాని ఆపేవాడు లేడు’. డబ్బు పందేలు మాత్రం పెట్టుకోవద్దు. డబ్బు దిగితే ఆట గురించి మాట ఆగిపోతుంది, చుట్టరికాలూ చెడతాయి.

రోజుకి ఒక్క సంగతి పట్టుకుని చూడండి. మొదటి మ్యాచ్ బోస్టన్ 107–89తో గెలిచాక అందరూ డాంచిచ్ 30 పాయింట్లు చేశాడు, ఇంకేం చేస్తాడు అన్నారు. అతని అసిస్టులు చూడండి, ఒక్కటి. డల్లాస్ టీమ్ మొత్తం కలిపి తొమ్మిది. లూకా దగ్గరకి ఇద్దరిని పంపకుండా బోస్టన్ ఒక్కడితోనే కాపలా పెట్టింది. మిగతా నలుగురూ తమ తమ మనుషుల్ని వదల్లేదు. మూలల్లో నిలబడి త్రీలు వేసేవాళ్లకి బంతే అందలేదు. ‘ఆపేవాడు లేడు’ అన్న మేనల్లుడి మాట నిజమే. వాళ్లు ఆపాలనుకోలేదు కూడా, అతని పాస్‌ని ఆపారు. ఇది పట్టుకున్నాక మిగిలిన సిరీస్ చూడటమే మారిపోయింది వాడికి.

పెద్ద తేడా గెలుపుని చూసి తీర్పు చెప్పకండి. 0–3 మీదున్న డల్లాస్ నాలుగో మ్యాచ్ 122–84తో గెలిచింది. 38 పాయింట్లు! మేనల్లుడు ఆ రోజంతా 2016లో క్లీవ్‌లాండ్ 1–3 నుంచి టైటిల్ గెలిచిన కథే చెప్పాడు. 2020లో మా డెన్వరే ఒకే ప్లేఆఫ్స్‌లో రెండుసార్లు 1–3 నుంచి తిరిగొచ్చింది కాబట్టి ఆశని నేను తీసిపారేయను. కానీ 0–3 నుంచి సిరీస్ గెలిచిన టీమ్ ఎన్‌బీఏలో ఒక్కటీ లేదు. ఎంత తేడాతో గెలిచినా మ్యాచ్ ఒక్కటే. ఐదో మ్యాచ్ 106–88, బోస్టన్‌కి 18వ టైటిల్, జేలన్ బ్రౌన్ ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు). మా సంగతీ అంతే, మమ్మల్ని ఆరో మ్యాచ్‌లో 45 తేడాతో చితక్కొట్టిన మిన్నెసోటా మీదే తర్వాతి మ్యాచ్‌లో మేము ఇరవై ముందున్నాంగా.

సొంత గ్రౌండు వరస కూడా బోర్డు మీద రాసుకోండి. ఎక్కువ గెలిచిన టీమ్ ఇంట్లో రెండు, అవతల రెండు, ఆ తర్వాత ఒక్కొక్కటి. 2014 నుంచి ఫైనల్స్ ఇలాగే నడుస్తున్నాయి. ‘2–0 అయిపోయింది, సిరీస్ అయిపోయింది’ అనేవాడికి ఆ వరస చూపించండి. రెండూ ఎవరింట్లో జరిగాయో అడగండి.

ఎదుటివాడి టీమ్ గెలిచిన రోజు మీరే ముందు వెళ్లండి. బోస్టన్ గెలిచిన పొద్దున నేను షాపు తీయకముందే పాతపట్నం వెళ్లాను. వేడి బరా, ఘుగ్ని పొట్లం కట్టించుకుని వెళ్లి బావకి కంగ్రాట్స్ చెప్పాను. ఆయన మొదటి మాట, ‘జనవరిలో మీరు మమ్మల్ని ఇంట్లోనే కొట్టారు, నిజమే’. నేను నెలరోజులుగా వినాలనుకున్న మాట అది. ఎదురెళ్లి అభినందించకపోతే వచ్చేది కాదు.

ఫైనల్స్ తర్వాత వారం పది రోజుల్లో డ్రాఫ్ట్, జూన్ 30 నుంచి ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు టీమ్ మారే సమయం. అప్పటిదాకా వాయిదా వేసిన మూడో ప్రశ్నకి సరుకు అప్పుడు దొరుకుతుంది. 2024 వేసవిలో కెంటావియస్ కాల్డ్‌వెల్ పోప్ డెన్వర్‌ని వదిలి ఓర్లాండో వెళ్లిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజే ఆ 21 పాయింట్ల లెక్క బోర్డు మీద మళ్లీ తిరగేశాం. ఉన్న ఐదుగురిలో ఒకడు తగ్గాడు, బెంచ్ నుంచి ఎవరు రావాలి, కోచ్ కుర్రాళ్లని నమ్ముతాడా అని ముగ్గురి పేర్లు రాసుకున్నాం. మీరూ అలాగే మీ టీమ్‌లో రాబోయే సీజన్‌కి ఎవరు ఎదగాలో ముగ్గురి పేర్లు, ఒక్కొక్కరి నుంచి ఏం కావాలో రాసి తేదీ వేసిపెట్టండి. అక్టోబర్‌లో మొదటి మ్యాచ్ నుంచి చూడాల్సింది వాళ్లనే.